సెకండ్ హ్యాండ్‌లో హై ఎండ్ ఆడియో సెట్టు కొనడం: బరంపురం, పర్లాకిమిడి వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నన్ను ఎక్కువగా అడిగేది ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్లే, ఇటుపక్క ఆంధ్రాలో ఇచ్ఛాపురం సోంపేట పలాస వాళ్లు కూడా. ఒక్కొక్కళ్లకి విడివిడిగా టైపు చేసి చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట పెడుతున్నా. నేను మెకానిక్కుని కాదు, నాకు షాపు లేదు. పదిహేనేళ్లుగా కొని, విని, అమ్మి, మళ్లీ కొనే రకం. మధ్యలో రెండు మూడుసార్లు గట్టిగానే బోల్తా పడ్డాను, ఆ దెబ్బలు కూడా ఇందులో ఉన్నాయి.

కొత్తది కొనుక్కోక పాతదాని వెనక పడటం ఎందుకు?

డబ్బుల కోసమేనండీ, ఇంకేటుంటాది. ఫోను మూడేళ్లకి పాతబడిపోద్ది గానీ మంచి స్టీరియో ఆంప్లిఫయర్, మంచి స్పీకర్ బాక్సులు ఇరవయ్యేళ్లయినా అదే పాట అంతే బాగా పాడతాయి, ధర మాత్రం షాపు గడప దాటగానే పడిపోద్ది. మొదటి ఓనరు ఆ నష్టం భరించేశాక మనం కొంటే, రెండేళ్లు విని మళ్లీ అమ్మినా ఇంచుమించు పెట్టిన డబ్బులు చేతికొస్తాయి. కానీ అన్నిటికీ ఈ లెక్క పనికిరాదు. ఏవీ రిసీవర్లు (హోమ్ థియేటర్ ఆంప్‌లు), వైఫై స్ట్రీమర్లు (నెట్‌లోంచి పాటలు ఆడించే పెట్టెలు), వాడేసిన కార్ట్రిడ్జిలు (రికార్డ్ ప్లేయర్‌లో ముల్లు ఉండే చిన్న ముక్క), హెడ్‌ఫోన్లు, ఈ నాలుగూ కూరగాయల్లాంటివి, నిలవ ఉండవు.

మన ఏరియాలో కొనేటప్పుడు ప్రత్యేకంగా చూడాల్సింది ఏంటి?

అందరూ "ఏ కంపెనీ, ఏ మోడలు, ఎన్ని వాట్లు" అని అడుగుతారు, నేను అడిగే మొదటి ప్రశ్న మాత్రం "ఈ సెట్టు ఇన్నాళ్లూ ఏ ఊళ్లో, ఏ ఇంట్లో ఉంది?" అని. ఒకే మోడల్ ఆంప్ హైదరాబాద్‌లో ఫ్యాను కింద పదేళ్లుంటే ఒకలా ఉంటాది, గోపాల్‌పూర్‌లో సముద్రం కనిపించే డాబా మీద గదిలో నాలుగేళ్లుంటే ఇంకోలా ఉంటాది. ఉప్పుగాలి ఇనుము మీద పడితే ఏమవుద్దో మన కిటికీ చువ్వలు చూస్తే చాలు కదా, అదే గాలి ఆంప్ లోపల స్విచ్చుల్లో, రిలే (కరెంటుతో పడే స్విచ్చు) కాంటాక్టుల్లో, వెనకాల పిన్నుల్లో కూడా తిరుగుతుంది. పైకి ప్యానెల్ అద్దంలా తుడిచి పెడతారు, అది చూసి పడిపోకండి. వెనక్కి తిప్పి స్క్రూ తలలు చూడండి. స్క్రూలు ఎర్రగా తుప్పు పట్టి ఉంటే లోపల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఆర్‌సీఏ సాకెట్లు (సీడీ ప్లేయర్ లాంటివాటి వైర్లు దూర్చే గుండ్రటి రంధ్రాలు) నల్లబడ్డాయా, స్పీకర్ టెర్మినళ్ల మీద పచ్చగా చిలుము పట్టిందా అనేది కూడా చూడాలి.

రెండోది తుఫాను సరుకు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటి గజపతి జిల్లాని కూడా ముంచేసింది. అప్పుడు నీళ్లలో నానిన సెట్లు కొన్ని ఎండలో ఆరబెట్టి, ఆన్ అయితే చాలని అమ్మేశారు, అవి చేతులు మారి మారి ఇప్పటికీ తిరుగుతున్నాయి. స్పీకర్ బాక్సుని పట్టడం తేలికే. చాలా బాక్సులు ఎండీఎఫ్‌తో చేసినవి, అంటే పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక, దానికి నీళ్లు తగిలితే బిస్కెట్ టీలో ముంచినట్టు ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ పాత రూపానికి రాదు. అందుకే బాక్సు తలకిందులు చేసి అడుగు మూలలు చేత్తో తడమండి, ఉబ్బుంటే వేలికి తెలిసిపోద్ది. ఆంప్ అయితే మూత విప్పించి టార్చి వేసి చూడండి, ఛాసిస్ గోడ మీద ఒకే ఎత్తులో గీత గీసినట్టు మట్టి మరక కనిపిస్తే నీళ్లు అంతవరకు వచ్చాయని అర్థం. ఇంక బేరం అక్కర్లేదు, టీ తాగి వచ్చేయడమే.

మూడోది జీవాలు. నవ్వకండి. బల్లి గుడ్లు, చీమల పుట్ట, బొద్దింక రెట్ట ఇవన్నీ నేను ఆంప్‌ల లోపల కళ్లారా చూశాను. వెచ్చగా ఉంటాది కదా, వాటికి అది ఏసీ గది. బల్లి గుడ్లు పెడితే దులిపేయొచ్చు, అదే బల్లి కరెంటు వచ్చే చోట అడ్డంగా పడి కాలిపోయి ఉంటే మాత్రం ఆ చుట్టుపక్కల బోర్డు నల్లబడి ఉంటాది, అది ఆలోచించాల్సిన విషయం.

ఆంప్ చూడ్డానికి వెళ్తున్నా, ఏం పట్టుకెళ్లాలి, ఏం చెక్ చేయాలి?

ఒక మల్టీమీటర్, ఒక టార్చి, మీకు బట్టీపట్టినంత బాగా తెలిసిన నాలుగు పాటలున్న పెన్‌డ్రైవ్ లేదా సీడీ, ఆక్స్ వైరు. కుదిరితే మీ సొంత స్పీకర్లలో చిన్నవి ఒక జత. ఫోన్ చేసినప్పుడే ఒక మాట చెప్పండి, "నేనొచ్చేదాకా ఆన్ చేయకండి" అని. చల్లగా ఉన్న సెట్టు ఆన్ అవ్వడమూ ముందే గంట సేపు వేడెక్కించిన సెట్టు ఆడటమూ ఒకటి కాదు, కొన్ని జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, కొన్ని ముప్పావు గంట ఆడాకే.

ఆన్ చేశాక కొన్ని సెకన్లకి టక్‌మని రిలే శబ్దం రావాలి, చాలా ఆంప్‌లలో స్పీకర్లని కాపాడే సర్క్యూట్ అదే. ఆ టక్ రాలేదంటే ఆంప్ తన జబ్బు తనే ఒప్పుకున్నట్టు. తర్వాత స్పీకర్లు పెట్టకుండానే మీటరు డీసీ మిల్లీవోల్టులో పెట్టి స్పీకర్ టెర్మినళ్ల మీద, ఎడమ ఒకసారి కుడి ఒకసారి కొలవండి, స్పీకర్లోకి పోకూడని డీసీ ఎంత కారుతోందో తెలుస్తుంది. ఇరవై లోపు ఉంటే బంగారం, యాభై దాకా పర్వాలేదు, వంద దాటితే ఎక్కడో తేడా ఉంది, మెకానిక్ ఖర్చు ధరలోంచి తీసేయండి లేదా వదిలేయండి. ఈ ఒక్క పరీక్ష తెలియకే నేను మొదట్లో దెబ్బ తిన్నాను. జపాన్ ఆంప్ ఒకటి ఛత్రపురంలో కొని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను, పసిబిడ్డని తెచ్చినట్టు, ఇంట్లో తగిలించిన పది నిమిషాలకి ఎడమ వూఫర్ (బాస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ ముందుకి తన్నుకుని ఉండిపోయింది, కాయిల్ మాడిన వాసన. దాని రిలే పాడైతే ఎవరో మహానుభావుడు వైరుముక్కతో డైరెక్ట్ చేసేశాడు. రిలే టక్‌మనలేదని ఆ రోజు నాకు అనుమానం కూడా రాలేదు.

ఆ తర్వాత వాల్యూమ్ నాబ్ మెల్లగా తిప్పండి. గరగర వస్తే భయపడక్కర్లేదు, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోద్ది, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది. బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్, ప్రతి ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ జాక్, రిమోట్, అన్నీ. కనీసం ముప్పావు గంట ఆడించి రెండు పక్కలా హీట్‌సింక్ (వేడి బయటికి పంపే లోహపు రెక్కలు) మీద చెయ్యి పెట్టి చూడండి, ఒకపక్క గోరువెచ్చగా ఒకపక్క కాలుతూ ఉంటే కుదరదు. పాట ఆపేసి వాల్యూమ్ పెంచితే స్పీకర్లోంచి గుయ్‌మని వస్తుందా, వస్తే ఎర్తింగ్ వల్లా, పవర్ సప్లై కండెన్సర్లు ఎండిపోవడం వల్లా అనేది ఇంకో కరెంటు బోర్డులో పెట్టి చూస్తేగానీ తేలదు. మూత తీయనివ్వకపోతే? నేనైతే కొనను. పెళ్లిచూపులకెళ్తే అమ్మాయి ముఖం చూపించం అన్నట్టుంటాది.

చాలా ఏళ్లు మూలపడిన ఆంప్, నేరుగా ప్లగ్ పెట్టొచ్చా?

వద్దు. మెకానిక్కుల దగ్గర సిరీస్ బోర్డు ఉంటాది చూడండి, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి. దాని మీద ఆన్ చేస్తే లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఆంప్ బతికిపోద్ది. బాగుంటే ఒకసారి వెలిగి మందగిస్తుంది. ఎల్ఈడీ బల్బు పెడితే ఈ లెక్క పనిచేయదు, ఫిలమెంటే కావాలి, ఇప్పుడు దొరకడం కష్టమైపోయింది గానీ.

స్పీకర్ వూఫర్ చుట్టూ ఫోమ్ పిండిపిండిగా రాలిపోతోంది. అయినా కొనొచ్చా?

కొనొచ్చు, ఎంచక్కా కొనొచ్చు, ధర దానికి తగ్గట్టుంటే. వూఫర్ కోన్ చుట్టూ అంచు రబ్బరైనా ఉంటాది, గుడ్డైనా ఉంటాది, ఫోమ్ అయినా ఉంటాది. ఫోమ్ అయితే బాగా చూసుకున్నా పదిహేను ఇరవయ్యేళ్లే, మన ఉక్కపోతకి ఇంకా ముందే పోద్ది. ఇది జబ్బు కాదు, వయసు. కొత్త ఫోమ్ రింగులు సైజు ప్రకారం దొరుకుతాయి, ఓపికుంటే ఇంట్లోనే అతికించుకోవచ్చు. చూడాల్సింది కాయిల్, అదే కోన్‌ని కదిపే తీగ చుట్ట. నాలుగు వేళ్లూ కోన్ మీద సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కండి, పట్టులా జారాలి, బరబరా గీసుకుంటే కాయిల్ రాసుకుంటోంది. మీటరు ఓమ్స్‌లో పెడితే 8 ఓమ్స్ స్పీకర్ ఐదున్నర నుంచి ఏడు దాకా చూపించాలి, 4 ఓమ్స్ది మూడు మూడున్నర. సరిగ్గా 8 చూపించలేదని అమ్మేవాడితో గొడవ పెట్టుకోకండి, అది అలాగే ఉంటాది.

ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) మాత్రం వేలితో ముట్టుకోకండి. డోమ్ సొట్టపడి ఉంటే పిల్లల పని. వినిపిస్తుంటే పర్వాలేదు గానీ ఒక్కొక్క బాక్సుకి చెవి దగ్గర పెట్టి రెండు ట్వీటర్లూ పలుకుతున్నాయో లేదో వినండి, పెద్ద సౌండులో ఒకటి చచ్చిపోయినా మనకి తెలీదు. ఇంకోటి, రెండు బాక్సుల సీరియల్ నంబర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయేమో చూడండి, లేదంటే రెండు వేరువేరు జతల్లోంచి మిగిలినవి కలిపి అమ్ముతున్నారేమో అడగండి.

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు, అదే పాత క్వాడ్ లాంటివి?

క్వాడ్ వాళ్ల మొదటిది 1957లో వచ్చింది, ఈ రోజుకీ మనిషి గొంతు దాంట్లో విన్నవాళ్లు మర్చిపోరు. పల్చటి పొరకి వేల వోల్టులు ఎక్కించి ఆడించే సామాను అది, తేమా దుమ్మూ చేరితే లోపల చిటపటమని స్పార్కులొస్తాయి. సముద్రం పక్కన ఉన్నవాళ్లకి వద్దనే చెప్తాను. కోరాపుట్ కొండల మీద ఉన్నారా, మీ ఇష్టం.

జపాన్ నుంచి వచ్చిన సెట్టట, 100 వోల్టులట. కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోదా?

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌ది 100 వోల్టులు, టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. బజార్లో దొరికే కన్వర్టర్ 230 ని 110 చేస్తుంది, అంటే అప్పటికే జపాన్ సెట్టుకి పది వోల్టులు ఎక్కువ. రాత్రి పదకొండు తర్వాత మన లైను 250కి ఎక్కిందనుకోండి, అదే కన్వర్టర్లోంచి దాదాపు 120 వస్తుంది. పాపం 100కి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నాళ్లని ఓర్చుకుంటాది? అందుకే వైండింగ్ చేసేవాళ్ల దగ్గర కూర్చుని కచ్చితంగా 100కి చుట్టించుకోండి, సెట్టు వెనక రాసిన వాట్లకి రెట్టింపు కెపాసిటీతో. కొన్ని పాత మోడళ్లకి వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉంటాది, అది ఉంటే అదృష్టం. అమ్మేవాళ్లు "230 చేయించేశాం" అంటే ఎవరు చేశారు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చారా వైర్లు మార్చారా అని అడగండి, నీళ్లు నమిలితే కథ అర్థమైపోద్ది.

టర్న్‌టేబుల్, అదే రికార్డ్ ప్లేయర్ అయితే హెర్ట్జ్ కూడా చూడాలి. పాత బెల్ట్ డ్రైవ్ వాటిల్లో చాలావాటి మోటారు వేగం హెర్ట్జ్ మీదే ఆధారపడుతుంది, 60కి చేసింది 50లో తిప్పితే నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన ప్లేటు సుమారు 28 తిరుగుతుంది, లతా మంగేష్కర్ కూడా మగగొంతులో పాడినట్టుంటాది. కన్వర్టర్ దీన్ని సరిచేయలేదు, అది వోల్టేజే మారుస్తుంది. 50కి వేరే పుల్లీ దొరకాలి.

టర్న్‌టేబుల్ ఏది కొనాలి, ఎలా చూడాలి?

మొదటిసారి కొనేవాళ్లకి డైరెక్ట్ డ్రైవ్ చెప్తాను, అంటే బెల్టు లేకుండా మోటారే ప్లేటుని తిప్పేది. టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 సంగతి అందరికీ తెలిసిందే, 1972లో మొదలైంది, మార్క్ 2 మోడల్ 1979లో, 2010లో ఆపేశారు, 2016లో మళ్లీ తెచ్చారు. మొండిది. కానీ మన దగ్గర తిరిగేవాటిల్లో డీజేల చేతిలో నలిగినవి ఉంటాయి, పిచ్ స్లైడర్ (స్పీడు సర్దే మీట) దగ్గర అరుగుదల, ఆర్మ్ (ముల్లుని మోసే కడ్డీ) బేరింగులో ఆట ఉన్నాయేమో చూడండి. ఆర్మ్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపితే లొడలొడలాడకూడదు.

స్పీడు చూడ్డానికి పాత పద్ధతే తేలిక, 180 గీతలున్న స్ట్రోబ్ డిస్కు కాగితం మీద ప్రింట్ తీసుకుని ప్లేటు మీద పెట్టి, కరెంటు బల్బు వెలుతురులో తిప్పితే 33 స్పీడులో గీతలు కదలకుండా నిలబడాలి. మన బల్బు సెకనుకి వందసార్లు మినుకుమంటుంది కాబట్టి ఆ 180 లెక్క. కొన్ని ఎల్ఈడీలు మినుకుమనవు, ఫోన్ యాప్ వాడుకోండి అప్పుడు.

ముల్లు, అదే స్టైలస్, అరిగిపోయిందనే అనుకుని లెక్కేసుకోండి. ఐదొందల నుంచి వెయ్యి గంటలు దాని ఆయుష్షు, ఆ గంటలు ఎవరూ రాసిపెట్టరు. ష్యూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జిలు మానేసింది కాబట్టి "కొత్త ఒరిజినల్ ష్యూర్ ముల్లు" అని తక్కువ ధరకి ఎవరైనా ఇస్తే రెండుసార్లు ఆలోచించండి.

తాతగారి హెచ్ఎంవీ ఫియస్టా హై ఎండేనా అని కూడా అడుగుతుంటారు. కాదండీ. జ్ఞాపకంగా దాచుకోండి, బరువైన పాతకాలం ముల్లు అది, మంచి రికార్డులు దాని మీద పెట్టకండి.

సీడీ ప్లేయర్లు ఇప్పుడెవరైనా కొంటారా?

నేను కొంటాను. జనం వదిలించుకుంటున్నారు కాబట్టి మంచివి చవగ్గా వస్తాయి. లేజర్ ఒక్కటే గండం. ఒరిజినల్ సీడీ ఆఖరి పాట, ఇంట్లో రాసిన సీడీ ఆఖరి పాట, రెండూ వేసి చూడండి, ఆగకుండా ఆడితే పర్లేదు. ఆ మోడల్ లేజర్ ఇప్పటికీ దొరుకుతుందో లేదో కొనకముందే వెతుక్కోండి. ఫిలిప్స్ టీడీఏ 1541 చిప్ (డిజిటల్ అంకెల్ని పాటగా మార్చేది) ఉందని చెప్పి రెట్టింపు ధర అడిగేవాళ్లున్నారు. చిప్ మంచిదే, కానీ ట్రే తెరుచుకోని ప్లేయర్‌లో చిప్ ఉంటే ఏటి, లేకపోతే ఏటి.

ట్యూబ్ ఆంప్, అదే పాత రేడియోల్లో లాగా గాజు వాల్వులుండేది?

ఇష్టం ఉంటే కొనండి, కానీ మూత తీసి వేళ్లు మాత్రం పెట్టకండి. ఈఎల్ 34, కేటీ 88 లాంటి వాల్వులు వాడే ఆంప్ లోపల నాలుగొందల వోల్టుల పైనే ఉండొచ్చు, ప్లగ్ తీసేశాక కూడా కండెన్సర్లలో నిలవ ఉంటాది, మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఆంప్ సగం ధర పోయినట్టే. వాల్వులు అరిగే సరుకు, కొత్త సెట్ వాల్వుల ఖర్చు ముందే కలుపుకుని బేరమాడండి. పార్సిల్‌లో తెప్పిస్తే వాల్వులు ఊడదీసి విడిగా, ఏ వాల్వు ఏ సాకెట్‌దో రాయించి మరీ.

హోమ్ థియేటర్ ఏవీ రిసీవర్ పెద్ద కంపెనీది చాలా తక్కువకి వస్తోంది, తీసుకోనా?

తక్కువకి ఎందుకొస్తోందో ఆలోచించండి. పాత హెచ్‌డీఎంఐది అయితే మీ 4కే పెట్టె దాంట్లోంచి 4కే బొమ్మ పంపదు, హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కొట్టకుండా పెట్టే తాళం లాంటిది) ఉండాలి. వేసవిలో సాయంత్రం పూట మన దగ్గర పిడుగులతో వాన కొడుతుంది కదా, డిష్ కేబుల్ గుండా వచ్చే ఆ దెబ్బకి మొదట పోయేది హెచ్‌డీఎంఐ బోర్డే. ప్రతి పోర్టూ తగిలించి చూసి కొనండి. పాటల కోసమే అయితే స్టీరియో ఆంప్ తీసుకోండి, ఇది వదిలేయండి.

యాత్ర అయిపోయాక డీజే బాక్సులు చవగ్గా అమ్ముతున్నారు, అవి ఇంట్లో వాడొచ్చా?

బరంపురంలో ఠాకురాణీ యాత్ర అంటే రెండేళ్లకోసారి నెల రోజులు ఊరంతా సౌండే, ఆ బాక్సులు పడే కష్టం మీకు తెలుసు. అవి మైదానానికి చేసినవి, గదికి కాదు. గట్టిగా వస్తాయి కానీ వీణ తీగ మీద గోరు తగిలిన చప్పుడు, మృదంగం ఎడమ పక్క మూలుగు, వాటిల్లో వినిపించవు. పైగా కాయిల్ ఎన్నిసార్లు చుట్టించి ఉంటారో దేవుడికెరుక.

లోపల రిపేరు చేశారో లేదో, డూప్లికేట్ పార్టులున్నాయో ఎలా తెలుస్తుంది?

రిపేరు చేయడం తప్పేమీ కాదు, మంచి మెకానిక్ చేసిన సెట్టు ముట్టుకోని సెట్టు కంటే నయం. టంకం చూడండి, ఫ్యాక్టరీ టంకం అంతటా ఒకేలా ఉంటాది, చేత్తో పెట్టింది ఉండలుండలుగా, చుట్టూ గోధుమరంగు ఫ్లక్స్ మరకతో ఉంటాది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఎడమ పక్కవీ కుడి పక్కవీ ఒకటేనా? ఒకపక్క వేరే రంగు అక్షరాలుంటే ఆ పక్క ఒకసారి కాలింది. మన మెకానిక్కులందరి నోట్లో ఉండే 5200, 1943 ట్రాన్సిస్టర్ల జత ఉంది చూశారా, తోషిబాది, దానికున్నన్ని నకిలీలు ఇంకోదానికి లేవేమో. ఒరిజినల్ అని చెప్పి వేసిందే ఫుల్ వాల్యూమ్‌లో పాప్‌కార్న్‌లా పేలిపోద్ది.

అసలు సెట్టే నకిలీదేమో అని అనుమానం వస్తే కాటాలో పెట్టండి. కంపెనీ వాళ్లు బరువు మాన్యువల్‌లో రాస్తారు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్ పన్నెండు పదిహేను కిలోలుండాల్సింది ఆరు కిలోలే తూగిందంటే లోపల ఏముందో మరి.

ఆర్మీ ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ సగం ధరకి అమ్ముతున్నాడట, అడ్వాన్స్ పంపమంటున్నాడు. పంపనా?

పంపొద్దు. ఇది దేశమంతా ఉన్న పాత మోసమే, కానీ మన దగ్గర ఇంకా తేలిగ్గా నమ్ముతారు ఎందుకంటే గోపాల్‌పూర్‌లో నిజంగానే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, నిజంగానే ఆఫీసర్లు వస్తుంటారు వెళ్తుంటారు, నిజంగానే మంచి సెట్లు అమ్ముతారు, నేనే ఒకాయన దగ్గర స్పీకర్లు కొన్నాను, మనిషి బంగారం, మాన్యువల్‌తో సహా అట్టపెట్టె దాచి ఇచ్చాడు. తేడా ఒక్కటే, నిజమైనాయన "వచ్చి విని తీసుకెళ్లండి" అంటాడు. దొంగ "లోపలికి సివిలియన్లని రానివ్వరు, డబ్బు కొట్టండి, బండిలో పంపిస్తా" అంటాడు, ఐడీ కార్డు ఫొటో కూడా పెడతాడు.

క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేస్తే డబ్బు మీకే వస్తుంది" అన్నా అంతే. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగిందంటే మీ ఖాతాలోంచి పోతోందని. పొరపాటున పోతే ఆలోచించకుండా బేగి 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

హైదరాబాద్ నుంచో ముంబై నుంచో తెప్పించుకోవాలి, ఎలా?

వీలైతే మనమే వెళ్లి తెచ్చుకోవడం. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు రెండూ బరంపురం మీదుగా వస్తాయి, కోణార్క్ అయితే ముంబై నుంచే. ఆంప్ సీటు కింద పెట్టుకుని రావచ్చు, నేను చాలాసార్లు తెచ్చాను, ఒకసారి టీసీ "ఇదేంటి, ఇన్వర్టరా" అన్నాడు.

పార్సిల్ తప్పకపోతే అట్టపెట్టె చాలదు. ఆంప్ బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పక్కే ఉంటాది, పైనుంచి పడితే ఆ మూలే వంగుతుంది. చెక్క ఫ్రేము కొట్టించమనండి, దానికయ్యే డబ్బులు మీరే ఇవ్వండి, మొహమాటపడకండి. టర్న్‌టేబుల్ అయితే ప్లేటు, కౌంటర్‌వెయిట్, ముల్లు విడిగా తీసి చుట్టాలి, ఆర్మ్ కట్టేయాలి. ప్యాక్ చేసేటప్పుడు వీడియో తీయించుకోండి, సీరియల్ నంబర్ కనిపించేలా, మీరు విప్పేటప్పుడు కూడా తీయండి. విశాఖ నుంచి అయితే నేను ఇచ్ఛాపురం దాకా బస్సు పార్సిల్‌లో వేయించి అక్కడికెళ్లి తెచ్చుకుంటాను. ఎన్నిచోట్ల దించి ఎక్కిస్తే అన్ని దెబ్బలు కదా.

ధర ఎంత పెట్టాలి?

ఇంత అని చెప్పలేం. నేను చేసేది చెప్తాను: అదే మోడల్ నిజంగా అమ్ముడుపోయిన ధరలు నాలుగైదు వెతుకుతాను, అడిగిన ధరలు కాదు, అడగడానికి ఏముంది. అందులోంచి రిపేరు ఖర్చు, రవాణా తీసేస్తాను. దాని మీద ఇంకొంచెం తగ్గించి మొదలుపెడతాను. అమ్మేవాళ్లు "మా నాన్నగారు దుబాయ్ నుంచి తెచ్చింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంటే బేరం ఆడను, అది నా బలహీనత.

ఖరీదైన పాత కేబుల్స్?

వద్దు. చాకుతో కొంచెం గీకండి, లోపల తెల్లగా వస్తే అల్యూమినియం మీద రాగిపూత. అంతే చెప్పేది.

బిల్లు లేకపోతే కొనకూడదా?

పాత సెట్లకి బిల్లు ఎక్కడుంటాది. లేకపోయినా ఒక కాగితం మీద అమ్మినట్టు రాయించుకోండి, పేరు, తేదీ, సీరియల్ నంబరు, సంతకం. డబ్బు బ్యాంకులో వేయండి. దొంగసొమ్మని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత 317 కింద కేసు మన మీదకే వస్తుంది. సీరియల్ నంబరు గీకేసి ఉంటే ఎంత మంచి సెట్టయినా ముట్టుకోకండి.

కొని తెచ్చాను. ఇప్పుడు ఇంట్లో ఎలా ఉంచాలి?

స్టెబిలైజర్ కంటే ముందు ఎర్తింగ్ చూపించుకోండి, మన పాత ఇళ్లలో మూడో పిన్ను ఉంటాది గానీ దాని వెనక వైరు ఉండదు. సెట్టు గోడకి ఆనించకండి, వానాకాలంలో ఆ గోడే చెమ్మ కక్కుతుంది. వాడినా వాడకపోయినా వారానికి రెండుసార్లు గంటసేపు ఆన్ చేసి ఉంచండి, లోపలి వేడికి చెమ్మ ఆరిపోద్ది, మూలపెట్టిన సెట్టే ముందు పాడవుద్ది. గోపాల్‌పూర్ వైపు వాళ్లు సముద్రం పక్క కిటికీ ఉన్న గదిలో అసలు పెట్టొద్దు. తుఫాను హెచ్చరిక వస్తే ప్లగ్గులు, డిష్ కేబులు పీకేసి సెట్టుని మంచం మీదకెక్కించండి. బియ్యం బస్తా తర్వాత మా ఇంట్లో ఎక్కేది అదే.

నాకు ఒడియా రాదు. పర్లాకిమిడి దగ్గర సెట్టుంది, ఎలా మాట్లాడాలి?

పాతపట్నం దాటితే పర్లాకిమిడే కదండీ, అక్కడ సగం మందికి మన తెలుగే వస్తుంది, బజార్లో నించుని "ఏటి మాస్టారూ" అన్నారంటే నలుగురు తిరిగి చూస్తారు. బరంపురంలోనూ అంతే. లోపల ఊళ్లకెళ్తే "కేతే?" అంటే ఎంత అని, "భలొ అఛి" అంటే బాగుంది అని, ఈ రెండూ చాలు. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి, వాళ్లు ఇంట్లో ఒడియాలో మాట్లాడుకునేది మీకు అర్థం కాకపోయినా మీరు పక్కవాడితో తెలుగులో "బాగుందిరా, ఎంతైనా ఇచ్చేద్దాం" అన్నది వాళ్లకి అక్షరం పొల్లుపోకుండా అర్థమవుద్ది. నేను అలాగే ఒకసారి రెండు వేలు ఎక్కువిచ్చి వచ్చాను.